కాలవ కట్టేసినప్పుడు వచ్చిన కుక్క

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా ఏదైనా వింతగా చేస్తే అది ఎందుకో తెలిసేదాకా నాకు అన్నం సయించదు. మా అమ్మ దీన్ని "ఆరా జబ్బు" అనేది, పెళ్ళయితే అదే పోతుందిలే అనేది. పోలేదు. పెళ్ళయి బందరు కాపరానికి వచ్చాక ఇంకాస్త ముదిరింది, ఎందుకంటే ఆ ఇంట్లో మా అత్తగారు ఉన్నారు.

ఆవిడ మాట్లాడేవారు కారు. కోపంతో కాదు, నేనంటే పడకా కాదు. "ఊ", "ఆ", "పెట్టు", "చాలు". పొద్దుగూకేదాకా ఇవే మాటలు. మావయ్యగారు పోయిన దగ్గర్నుంచీ అలా అయిపోయారని చెప్పారు మా ఆయన. మావయ్యగారు నందివాడ దగ్గర ఒక పల్లెలో ఉపదేశిగా చేసేవారట, ఆదివారం గుళ్ళో వాక్యం చెప్పడం, ఊళ్ళో రోగాలొచ్చినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రార్థన చేయడం ఆయన పని. నా పెళ్ళికి ముందు ఏడు బందరు ఆసుపత్రిలో పోయారు. ఆయన్ని నేను ఫోటోలో చూడ్డమే.

"మీ నాన్నగారు ఎలా పోయారు?" అని మా ఆయన్ని ఒకటి రెండు సార్లు అడిగాను. "జ్వరం" అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆయన గుడివాడలో గుమాస్తా, పొద్దున్న పాసింజరుకి వెళ్తే సాయంత్రం పాసింజరుకి రావడం. నేను ఆడపిల్లల బళ్ళో చిన్న తరగతులకి పాఠాలు చెప్పేదాన్ని. రోజంతా ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉండేవారు.

మా ఇల్లు బందరు కాలవకి దగ్గర. ఎండాకాలం రాగానే కాలవ కట్టేసేవాళ్ళు. పైన నీళ్ళు ఆపేసి, లాకులూ గట్లూ బాగుచేసుకుని, మళ్ళీ వానలు పడే వేళకి వదిలేవాళ్ళు. ఈలోగా కాలవ అడుగు కనపడేది, నల్ల బురద, పగిలిన కుండలు, ఎవరిదో ఒంటి చెప్పు. బెజవాడ నుంచి సరుకులు తెచ్చే పడవలు ఎక్కడివక్కడ బురదలో కూచుండిపోయేవి. పడవవాళ్ళు ఊళ్ళకి పోయేవాళ్ళు. ఆ ఏడు కాలవ కట్టేసిన కొద్దిరోజులకే, బడికి సెలవులిచ్చాక, ఒక మధ్యాహ్నం మా వీధిలో కేకలు వినపడ్డాయి.

"పిచ్చికుక్క! పిచ్చికుక్క! పిల్లల్ని లోపలికి లాక్కోండి!"

లోపలికి లాక్కోమంటే నేను బయటికి పరిగెత్తాను. మా అరుగుని ఆనుకుని ఒక ముసలి కుక్క నిలబడి ఉంది. గోధుమరంగు ఒళ్ళు, తెల్లబడ్డ మూతి, మెడకి తెగిన తాడు ముక్క. వెనక్కాళ్ళు వణుకుతున్నాయి. చుట్టూ కర్రలు పట్టుకుని వీధి జనం. అందరికంటే ముందు ఎదురింటి రైతుగారు. పొలాలు కౌలుకిచ్చి బందరు వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, నేను బాబాయిగారూ అనేదాన్ని.

"నువ్వు లోపలికెళ్ళమ్మా. నీళ్ళు పెట్టి చూశాం, మొహం తిప్పేసుకుంది. నీళ్ళంటే భయపడిందంటే ఇంక అనుమానమే లేదు."

ఆయన్ని తప్పు పట్టను. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పొడిచే సూదుల సంగతి తలుచుకుంటే ఎవరికైనా కర్ర పట్టుకోవాలనే ఉంటుంది. కానీ నేను ఆ కుక్క మొహం చూశాను. దాని నాలిక ఎండిపోయి వేలాడుతోంది, కళ్ళు మాత్రం గిన్నె మీదే ఉన్నాయి.

"అది భయపడ్డం లేదు బాబాయిగారూ. విసుక్కుంటోంది."

"కుక్కకి విసుగేమిటమ్మా! బళ్ళో పిల్లకాయలనుకున్నావా?" అందరూ నవ్వారు. ఒకడు కర్రెత్తాడు.

ఇంతలో నన్ను పక్కకి నెట్టుకుంటూ మా అత్తగారు బయటికొచ్చారు, చేతిలో నీళ్ళ చెంబుతో. కర్రల మధ్యలోంచి నడిచి వెళ్ళి, కుక్క మీద చెంబు వంచారు. అంత ఎండలో దాని నెత్తి చల్లబడుతుందని పోశారట, తర్వాత చెప్పారు. ధార తల మీద పడిందో లేదో ఆ కుక్క మొహం పైకెత్తి, ధార కింద నోరు పెట్టి, గటగటా తాగేసింది. చెంబు ఖాళీ అయ్యాక ఆవిడ వంక చూసింది. ఆవిడ బాబాయిగారి వంక చూశారు.

"పిచ్చిదా ఇది?" అన్నారు.

నేను ఆ ఇంటికి వచ్చాక ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. బాబాయిగారు కర్ర కిందికి దించి, "మీ ఇష్టమండీ, మీ పూచీ మరి" అని వెళ్ళిపోయారు. పూచీ మీద పడ్డాక ఇంకేముంది, కుక్క మాదైపోయింది.

ఇక చూడండి నా సంబరం. ఆరా తీయడానికి అంత మంచి కుక్క ఎక్కడ దొరుకుతుంది? దాని చేష్టలన్నీ వింతే. పళ్ళెంలో అన్నం పెడితే బుద్ధిగా తినేది, గిన్నెలో నీళ్ళు పెడితే మాత్రం ముట్టదు. పై నుంచి పోస్తేనే తాగేది. ఇంటి మధ్యలో పడుకునేది కాదు. అరుగు అంచుకి వెళ్ళి, గడ్డం బయటికి వేలాడేసి, వీధిలోకి చూస్తూ పడుకునేది. "పడిపోతావురా ముసలాడా" అని లోపలికి లాగితే మళ్ళీ అంచుకే వెళ్ళేది.

అన్నిటికంటే వింత దాని నడక. సాయంత్రం మెడకి తాడు కట్టి తిప్పుతానా, తాడు బిగువుగా లాగుతూ ముందు నడిచేది. అంత ముసలిదానికి అంత బలం ఎక్కడిదో! ఎదురుగా బండి గానీ సైకిలు గానీ వస్తే ఠక్కున ఆగి నేల మీద చాప చుట్టినట్టు పడుకునేది. వచ్చేది దాటిపోగానే లేచి మళ్ళీ లాగేది. వెనక నుంచి వచ్చే బండిని పట్టించుకునేదే కాదు. ఇది నిజమో కాదో తేల్చుకుందామని, మమ్మల్ని దాటి వెళ్ళిన ఒక సైకిలాయన్ని పిలిచి, "కాస్త వెనక్కి తిరిగి మా ఎదురుగా రండి బాబూ" అన్నాను. ఆయన దిగి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమండీ, పిచ్చి కుక్కకేనా, మీక్కూడానా?"

అన్నాడు గానీ వచ్చాడు పాపం. కుక్క పడుకుంది. ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయి, మళ్ళీ ఇంకోసారి వెనక్కి వెళ్ళి వచ్చాడు.

ఈ లోపల ఇంట్లో ఇంకో వింత జరుగుతోంది. మా అత్తగారు కుక్కతో మాట్లాడుతున్నారు. మొదట "ఒరేయ్, రా", "ఒరేయ్, తిను" అన్నారు. తర్వాత మాటలు పొడుగయ్యాయి. "నిన్న చారు బాగాలేదురా, చింతపండు పాతది" అనేవారు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని, చారు పెట్టింది నేనే. గిలకలదిండి నుంచి ఎండుచేపల గంప తెచ్చే ఆమె వస్తే ఇదివరకు నేను వెళ్ళి కొనేదాన్ని. ఇప్పుడు ఆవిడే వెళ్ళి, "ఇవేం చేపలే, ఇసకా? మా ముసలాడి పళ్ళకి ఇవి ఆనతాయా?" అని దెబ్బలాడేవారు. ఒక సాయంత్రం స్టేషన్ నుంచి వస్తూ మా ఆయన ఆ గొంతు విని వీధిలోనే నిలబడిపోయారు. లోపలికి వచ్చాక మొహం కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వానలు పడ్డాయి. నీళ్ళు వదిలారు. ఆ రోజు మా వీధిలో ఆడవాళ్ళందరికీ పండగ, బిందెలతో గట్టుకి పరుగు. నేనూ కుక్కని తీసుకుని వెళ్ళాను. కాలవలో నీళ్ళు చూడగానే దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. మరి కొన్నాళ్ళకి పడవలు మొదలయ్యాయి. గాలి లేనప్పుడు పడవకి పొడుగాటి తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు. అది బందరు వచ్చినప్పట్నుంచీ చూస్తున్నదే, ఎన్నడూ శ్రద్ధగా చూడలేదు. ఒకరోజు కుక్కతో నీళ్ళకి వెళ్తే, అటునుంచి ఒక పడవ, ఇటునుంచి ఒక పడవ ఎదురుపడ్డాయి. ఒక పడవవాళ్ళు ఠక్కున ఆగి తమ తాడు వదులుచేసి నేల మీదకి వేసేశారు. ఎదుటి పడవ దాని మీదుగా దాటిపోయింది. వీళ్ళు మళ్ళీ తాడు భుజానికెత్తుకున్నారు.

నా పక్కన చూస్తే మా ముసలాడు గట్టు మీద చాప చుట్టినట్టు పడుకుని ఉన్నాడు.

"ఓహో!" అని ఒక్క కేక పెట్టాను. నీళ్ళ కోసం వచ్చినవాళ్ళంతా తిరిగి చూశారు. నేను చప్పట్లు కొట్టానో ఏమో కూడా. ఇది పడవ కుక్క! తాడు లాగేవాళ్ళ ముందు నడిచే కుక్క! ఎదురు వస్తే తాడు దించాలని తెలిసిన కుక్క! ఆ సంతోషం ఎంతసేపు? బిందె ఎత్తుకునేలోపే ఇంకో సంగతి తట్టింది. పడవ కుక్కయితే దానికో పడవ ఉంటుంది. పడవ ఉంటే దానికో మనిషి ఉంటాడు. వాడొచ్చి నా కుక్కేదంటే?

మా ఆయనకి చెప్పాను. నా మీద ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆ రోజు ఎత్తారు. "అమ్మ ఇప్పుడిప్పుడే మనిషవుతోంది. నీ ఆరా కట్టిపెట్టు. ఆ కుక్క ఎవరిదైనా నీకనవసరం."

కట్టిపెట్టాను. నిజంగానే కట్టిపెట్టాను, కొన్నాళ్ళు. గట్టు వైపు వెళ్ళడం మానేశాను. కానీ ఏం చెయ్యను, బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్తున్నా మనసు పడవల మీదే. ఎవడి కుక్క? ఎందుకు వదిలేశాడు? చెంబుతో నీళ్ళు పోసి తాగించేంత ముద్దుగా పెంచుకున్నవాడు వదిలేస్తాడా? చివరికి ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికెళ్ళి కుక్కని తీసుకుని, నేరుగా పడవలు కట్టే చోటికి వెళ్ళాను. పడవ తోసే గడ తుడుచుకుంటున్న ఒక పడవాయన తలెత్తి చూసి, గడ వదిలేశాడు.

"ఇది చావలేదా!"

ఆయన చెప్పిందంతా గట్టు మీద కూచుని విన్నాను. కుక్క వాళ్ళ పెద్దాయనది, దివిసీమ మనిషి. జీవితమంతా కాలవ మీదే గడిపాడు. కాలవ కట్టేసే ముందు బందరు వచ్చి జ్వరంతో పడిపోయాడు. కూతురొచ్చి బండిలో వేసుకుని తీసుకెళ్ళిపోయింది. పడవ అమ్మేశారు. ఆ హడావుడిలో కుక్క గట్టు మీద ఉండిపోయింది. తర్వాత వెతికితే కనపడలేదు.

"పిచ్చికుక్కని కొట్టేశారని ఎవరో చెప్తే ఇదే అనుకున్నామమ్మా. ఆయన మాత్రం నమ్మడు. ఎప్పుడెళ్ళినా కుక్కేదిరా అంటాడు."

"ఇప్పుడు ఎలా ఉన్నారు?"

"మంచం పట్టాడు తల్లీ. ఇవాళో రేపో అన్నట్టుంది."

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలీదు. అత్తయ్య దీపం చిమ్నీ తుడుస్తున్నారు. కుక్క వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది. నేను వంటింట్లోకి తప్పుకోబోయాను.

"ఏం తెలిసిందే?"

"ఏం లేదత్తయ్యా."

"నీ మొహం దాచుకోడానికి ఈ ఇంట్లో చోటు లేదు. చెప్పు."

చెప్పేశాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను కూడా. ఆవిడ చిమ్నీ పక్కన పెట్టి, మంచం మీదున్నాడన్న మాట నా చేత మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

"ఆదివారం ఆయనకి సెలవు కదా, ముగ్గురం కలిసి వెళ్దాం" అన్నాను. ఆ కాస్త రోజులైనా కుక్క ఉంటుందని నా ఆశ.

"ఆదివారం దాకానా!" అని లేచారు. అంత కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. కుక్క వెళ్ళిపోతుందంటే బాధపడాల్సిన మనిషి, నాలుగు రోజులు ఆగమంటే నా మీద మండిపడుతున్నారేమిటి? మర్నాడు తెల్లారేసరికి ఉతికిన తెల్లచీర కట్టుకుని, పెరుగన్నం మూట కట్టుకుని, కుక్క మెడ తాడు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. నేను బడికి సెలవు పెట్టాను, మా ఆయన మమ్మల్ని బస్సుదాకా దిగబెట్టి పాసింజరుకి వెళ్ళారు.

బస్సు దగ్గర కండక్టరు అడ్డం పడ్డాడు. "కుక్కకి టిక్కెట్టు లేదండీ."

"లేకపోతే మరీ మంచిది, డబ్బులివ్వక్కర్లేదు" అని మా అత్తగారు ఎక్కేశారు. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు, సీటు కిందకి తోయమన్నాడు. దారంతా ఆవిడ చెయ్యి దాని వీపు మీదే ఉంది. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ. అవనిగడ్డలో దిగి, దిగువకి వెళ్ళే పడవ మాట్లాడుకున్నాం. పడవెక్కగానే ముసలాడు మమ్మల్ని వదిలేసి నేరుగా ముందుకెళ్ళి, అంచు మీద గడ్డం పెట్టుకుని కూచున్నాడు. మా అరుగు వాడికి పడవలా ఉండేదన్నమాట.

"చూడవే, మనమెవరమో తెలీనట్టు ఎలా కూచున్నాడో" అని నవ్వారు అత్తయ్య. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

పెద్దాయన పూరింటి చూరు కింద నులకమంచం మీద ఉన్నాడు. ఎముకల గూడు. కుక్కని చూసి ఆయన కూతురు చేతిలో చేట కింద పడేసింది. కుక్క మొరగలేదు, గెంతలేదు. వెనక్కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి, మంచం మీంచి వేలాడుతున్న చెయ్యి వాసన చూసి, ఆ చేతి కింద తల దూర్చింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎక్కడికి పోయావురా దొంగనాయాలా" అన్నాడు. దాని చెవులు నిమురుతూ ఏడ్చాడు.

కాస్త తేరుకున్నాక కూతురు మమ్మల్ని చూపించింది. నాకు ఆగుతుందా? నీళ్ళు గిన్నెలో ఎందుకు తాగదో అడిగాను. పడవ ఊగుతుంటే గిన్నె ఒలికిపోతుంది కదమ్మా, చిన్నప్పట్నుంచీ చెంబుతో పోసి అలవాటు చేశానన్నాడు. ఎదురొస్తే పడుకోవడం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, ఒకసారి తాడు తగిలి కాలవలో పడింది, ఆ తర్వాత తనే నేర్చుకుంది. ఒక్కొక్కటే చెప్తుంటే ఆ మొహంలోకి రక్తం వచ్చింది. కుక్కకి తను చేసిన గొప్పలన్నీ వినపడుతున్నట్టు తోక ఊపుతోంది. మా అత్తగారు మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.

మేం లేచేటప్పుడు ఆయన, "దీన్ని తీసుకెళ్ళండమ్మా. చూశాను, చాలు. ఇంకెన్నాళ్ళు నేను? తర్వాత దీని గతేంటి?" అన్నాడు.

ఆవిడ తాడు చేతిలోకి తీసుకుంటారేమోనని చూశాను. తీసుకోవాలనే అనుకున్నాను, దాచుకోవడమెందుకు?

"మీరున్నన్నాళ్ళూ మీ పక్కనే ఉంటుంది. తర్వాత సంగతి మీ అమ్మాయి చూసుకుంటుంది. లేకపోతే కబురు పెట్టండి, నేనొస్తాను" అన్నారు. వంగి కుక్క చెవి సవరించి, "వెళ్ళొస్తానురా" అన్నారు. కుక్క తలెత్తి చూసింది, తోక ఊపింది, ఆ చేతి కిందనుంచి మాత్రం లేవలేదు. మా వెనక నాలుగడుగులైనా వస్తుందనుకున్నాను. రాలేదు. నాకు దాని మీద కోపం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ మాట్లాడలేదు. పడవలో మాట్లాడలేదు, బస్సెక్కాక మాట్లాడలేదు. నాకు భయం పట్టుకుంది. మళ్ళీ "ఊ", "ఆ"లేనా? నా ఆరా జబ్బుతో ఈవిడ మాటని తీసుకెళ్ళి ఆ మంచం కింద వదిలేసి వస్తున్నానా? జన్మలో మొదటిసారి ఏమీ అడగకుండా కిటికీలోంచి చేలు చూస్తూ కూచున్నాను.

చల్లపల్లి దాటాక ఆవిడే మొదలుపెట్టారు.

"మీ మావయ్యగారు పోయినప్పుడు నేను పక్కన లేనే."

నేను తల తిప్పలేదు.

"ఆసుపత్రిలో చలేస్తోందన్నారు. ఇంట్లో ఉన్న తన దుప్పటే కావాలన్నారు. తెస్తానని ఊరెళ్ళాను. అది మాసిపోయి ఉంది. బందరు ఆసుపత్రి, నలుగురూ చూస్తారు, మురికి దుప్పటి ఎలా తీసుకెళ్ళను? ఉతికి ఆరేశాను. వానాకాలం కదా, ఆరదే! ఆరేదాకా కూచున్నాను. రెండో రోజు మడతపెట్టి తీసుకొచ్చేసరికి మొహం కప్పేసి ఉంది. ఆయన గుమ్మంకేసే చూస్తూ పోయారని పక్క మంచమాయన చెప్పాడు. ఇదిగో వస్తోంది, ఇదిగో వస్తోంది అన్నారట."

ఆవిడ ఒళ్ళో ఖాళీ తాడు ఉంది. దాన్ని మడత మీద మడత పెడుతున్నారు.

"దుప్పటి తడిగానే తేవాల్సిందే. తడిగానే తేవాల్సింది" అని బస్సులో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చారు. నేను ఆవిడ భుజం చుట్టూ చెయ్యేశాను. నేనూ ఏడ్చాను. బందరు వచ్చేదాకా ఆవిడ మావయ్యగారి గురించి చెప్తూనే ఉన్నారు. ఆయన పాట పాడితే శ్రుతి తప్పేవారని, తొక్కుడు పచ్చడంటే ప్రాణం పెట్టేవారని, ఆవిడ్ని ఎప్పుడూ "ఏమండోయ్" అని పిలిచేవారని. ఇంటికొచ్చాక కూడా ఆగలేదు. మా ఆయన గుమ్మానికి ఆనుకుని, తండ్రి కథలు తనకే కొత్తయినట్టు విన్నారు.

ఎంతో కాలం పట్టలేదు. కాలవలో నీళ్ళు ఇంకా నిండుగా ఉన్నప్పుడే ఆ పడవాయన మా ఇంటికి వచ్చాడు. పెద్దాయన పోయాడు, చెప్పి వెళ్దామని వచ్చానన్నాడు. నేను ఎప్పుడు, ఎలా అని నోరు తెరవబోతుంటే మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"కుక్క పక్కనుందా?"

"ఉందండీ. ఆయన చెయ్యి దాని మీదే ఉంది. ఇప్పటికీ ఆ మంచం కిందే పడుకుంటోంది, వాళ్ళమ్మాయి అన్నం పెడుతోంది."

"అమ్మయ్య" అని మా అత్తగారు గుమ్మంలోనే కూచుండిపోయారు.